ఆరూ ఒకటి

మార్చిలో బిగించిన రింగు, ఆగస్టులో విప్పాం.
సీసపు గాజు వెనక పట్టకారుతో వంచితే
వంగలేదు, మురుకులా విరిగింది నల్ల రబ్బరు.
టెఫ్లాన్ అయితే అంతకుముందే పిండైపోయింది.
ఎండకు కాదు.
షువైఖ్‌లో ఎండ యాభై డిగ్రీలు, అది వేరే సంగతి.
రెండు మీటర్ల కాంక్రీటు గోడ వెనక
సైక్లోట్రాన్ నోటి దగ్గర
కంటికి ఆననిదేదో కూర్చుని తిన్నది దీన్ని.

ఆసుపత్రికి తెల్లారేసరికి మందు కావాలి,
దాదాపు రెండు గంటలకోసారి సగమైపోయే మందు,
ఎవరి ఒంట్లోనో గడ్డ ఎక్కడ దాక్కుందో వెలిగి చూపే మందు.
దానికి ముందు ఖాళీ కావాలి.
ఖాళీ చెయ్యడం పంపు పని.
ఖాళీని ఖాళీగా ఉంచడం నా పని.
గాలికి సిగ్గుండదు,
వెంట్రుకంత సందు దొరికితే
కువైట్ కువైటంతా అందులో దూరాలని చూస్తుంది.

రాగి వేద్దామన్నాను.
కాల్చి మెత్తబరిచిన రాగి వలయం,
రెండు వైపుల నుంచీ ఉక్కు వాదర దిగుతుంది,
ఆ గాటు చుట్టూ రాగి పారి, సర్దుకుని,
ఇక ఎవర్నీ రానివ్వదు.
ఒక్కసారికే. విప్పితే ఇంకోటి వెయ్యాల్సిందే.
పదహారు బోల్టులు గీశాను.
స్క్రీను మీద చూడముచ్చటగా ఉంది.

ఓబులేసుది పుల్లంపేట. లేతు ముందు పంతొమ్మిదేళ్ళు.
"అడ్డగీత పడగూడదు మేడం, గాలికి దోవ ఇచ్చినట్టే.
చుట్టుగీత పర్లేదు, తిరిగి తిరిగి ఆడికే వస్చాది."
తోజ్ లేచిన రోజు
తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కి పని ఆపేస్తాడు.
ఇసుక రేణువు ఒక్కటి చాలు.
వేలిముద్ర కూడా వద్దు,
చెయ్యి తీసేశాక కూడా ఆ చెమట
నెలల తరబడి లోపల ఆవిరవుతూనే ఉంటుంది.

బిగించేటప్పుడు లెక్కపెడతాడు, కల్లంలో వడ్లు కొలిచినట్టు.
ఒకటి అనడు. లాభం. రెండు. మూడు.
వరసగా కాదు, ఎదురెదురుగా, ఇటొకటి అటొకటి.
ఏడో బోల్టు దగ్గర గొంతు తగ్గించి
ఆరూ ఒకటి.
ఏడు అంటే ఏడిపిస్తుందట.

పదహారూ అయ్యాక రెంచి కింద పెట్టి అడిగాడు:
"ఇది ఈడ, బల్ల మీద. ఆడ ఎంతసేపు నిలబడల్ల?"

గడియారం చూసి ఉన్నాను. పదకొండు నిమిషాలు.
యంత్రం ఆపినా ఆ ఉక్కు వెంటనే ఊరుకోదు.
అక్కడ ఒక మనిషికి రెండు నిమిషాలని
గోడ మీద పట్టికలో ఉంది, రోజూ చూసేదే.
నా డ్రాయింగులో వ్యాసం ఉంది, లోతు ఉంది,
మైక్రాన్ల దాకా అన్నీ ఉన్నాయి.
అతని చొక్కాకు వేలాడే డోసు బ్యాడ్జి లేదు.

మూడు వారాలు పట్టింది మళ్ళీ గియ్యడానికి.
రాగి బదులు అల్యూమినియం తొడుగు, లోపల స్ప్రింగు,
బయట గొలుసు పట్టీ, పొడుగాటి పిడి, మూడే స్క్రూలు.
కొలతల గడిలో చివరన రాశాను:
విప్పి బిగించడానికి తొంభై సెకన్లు.
ఏ స్టాండర్డులో ఉందిది అని అడిగాడు చెక్ చేసే ఫర్హాన్.
పుల్లంపేట అన్నాను. అతను నవ్వలేదు, సంతకం పెట్టాడు.

ఆ రాత్రి ఓబులేసు లోపల, నేను గోడకివతల.
స్పీకర్లో గరగర. లాభం. రెండు. మూడు.
తర్వాత కాసేపేమీ లేదు,
నాలుగు కోసం తెరిచిన నోరు అలాగే ఉండిపోయి ఉంటుంది.
ఎనభై మూడు సెకన్లు.
పంపు నడిచింది. అతుకు చుట్టూ హీలియం ఊదాం.
అంకె దిగుతూ దిగుతూ
సున్నా, చుక్క, తొమ్మిది సున్నాల అవతల ఆగింది.
పూర్తి సున్నా ఎప్పుడూ రాదు. అది మాకు తెలుసు.

బల్ల మీద బిగించి చూసిన ఆ మొదటి రాగి వలయం
లోపలికి పోలేదు, దానికి ఏ దోషమూ అంటలేదు.
ఓబులేసు దాన్ని తుడిచి డబ్బామీద పెట్టుకున్నాడు.
ఈ పొద్దున చూశాను,
సన్న నడుము చాయ్ గ్లాసు
సరిగ్గా దాని మధ్యలో దిగి కూర్చుంది, కదలకుండా.